ఆమె సైగను చదవగల మనిషి స్టేషన్‌కు రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల బధిర పిల్లలకు మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పి, కొంతకాలం క్రితం పదవీ విరమణ చేసిన ప్రత్యేక ఉపాధ్యాయురాలిని. బడిలో పని చేసిన రోజుల్లోనూ, ఆ తర్వాతా కొన్నిసార్లు నన్ను పోలీసు స్టేషన్లకూ, ఆసుపత్రికీ, కోర్టుకూ పిలిపించారు. మాట రాని ఒక ఆడపిల్లకో, వినపడని ఒక ఇల్లాలికో జరిగిన దారుణాన్ని వాళ్ల చేతుల కదలికల నుంచి తెలుగులోకి చెప్పడమే అక్కడ నా పని. నాకంటే బాగా చెప్పగలవాళ్లు దొరకక పిలిచారే తప్ప నాకు న్యాయశాస్త్రం తెలుసని కాదు. అయితే ఆ గదుల్లో కూర్చున్న అనుభవం వల్ల, వైకల్యం ఉన్న స్త్రీ మీద హింస జరిగినప్పుడు న్యాయం ఎక్కడ తప్పిపోతుందో దగ్గర నుంచి చూడగలిగాను. ఆ సంగతి మీ పాఠకులకూ, తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రభుత్వ కాగితాల్లో ‘దివ్యాంగులు’ అని రాస్తున్నారు. గౌరవంగా పిలవాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ ఉత్తరంలో ‘వైకల్యం ఉన్న స్త్రీలు’ అనే రాస్తాను, ఎందుకంటే నేను మాట్లాడబోయేది వాళ్లలోని ఏ దివ్యత్వం గురించీ కాదు, వాళ్లకు రావాల్సిన మామూలు హక్కుల గురించి.

చట్టాల్లో లోటు ఉందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ నివేదిక ఇవ్వడం, 2013లో నేర చట్టాలను సవరించడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ సవరణలోనే వైకల్యం ఉన్న స్త్రీల కోసం కొన్ని గట్టి ఏర్పాట్లు చేశారు. అత్యాచారం వంటి నేరానికి గురైన స్త్రీకి శారీరకంగా గానీ మానసికంగా గానీ వైకల్యం ఉంటే, అది తాత్కాలికమైనా శాశ్వతమైనా, ఆమె ఫిర్యాదును పోలీసులే ఆమె ఇంటికి వెళ్లి, లేదా ఆమెకు వీలైన చోటికి వెళ్లి రాసుకోవాలి. ఆ సమయంలో దుబాసీ గానీ ప్రత్యేక ఉపాధ్యాయుడు గానీ పక్కన ఉండాలి. అదంతా వీడియో తీయాలి. ఆపైన వీలైనంత త్వరగా మేజిస్ట్రేటు ముందు, అక్కడా దుబాసీ సాయంతోనే, వాంగ్మూలం ఇప్పించాలి. అలా ఇచ్చిన వాంగ్మూలాన్ని విచారణలో ఆమె మొదటి సాక్ష్యంగానే తీసుకుంటారు, కాబట్టి జరిగినదంతా ఆమె కోర్టులో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన అవసరం ఉండదు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 173, 183 సెక్షన్ల కింద ఇవన్నీ అలాగే ఉన్నాయి. మాట్లాడలేని సాక్షి రాసి గానీ సైగలతో గానీ చెప్పినదాన్ని నోటి సాక్ష్యంగానే పరిగణించాలని భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం ఉన్న స్త్రీ మీద అత్యాచారం చేసినవాడికి పదేళ్లకు తగ్గని కఠిన కారాగార శిక్ష పడాలి. అలాంటి ఫిర్యాదును నమోదు చేయని పోలీసు అధికారికి కూడా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష ఉంది.

ఇన్ని ఉన్నా ఏం జరుగుతుందో, నేను చూసిన ఒక్క కేసు చెబుతాను. ఇది ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోకముందు జరిగింది. ఊరు చెప్పను, బంధుత్వాలు కూడా కొంత మార్చి చెబుతాను. బాధితురాలి ఆనవాలు బయటపెట్టకూడదన్నది చట్టం, అంతకంటే ముందు ఆమె కోరిక అది.

ఆమె పుట్టుకతో బధిరురాలు. చిన్నప్పుడు నాలుగేళ్లు బడికి వచ్చి మానేసింది. ఇరవై దాటిన వయసులో, అన్నావదినల ఇంట్లో ఉంటున్నప్పుడు, వదిన తరఫు దగ్గరి బంధువు ఒకడు ఆమెపై అత్యాచారం చేశాడు. నాలుగైదు రోజులు ఆమె ఏడుపును ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పక్కింటి ముసలావిడ గట్టిగా పట్టుబట్టడంతో అన్న ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లాడు. అక్కడివారు విననే లేదని అనను. ఎస్ఐ వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడట. కానీ ‘మాటే రాదు కదమ్మా, ఏమని రాసుకునేది?’ అని అడిగాడు. అప్పుడు ఆమె సైగలు తనకు అర్థమవుతాయని వదిన ముందుకొచ్చింది. ఇంట్లో రోజూ చూస్తున్న మనిషే కదా అని ఆవిడను కూర్చోబెట్టి, ఆవిడ చెప్పిందే రాసుకున్నారు. నిందితుడు ఆ వదినకు ఏమవుతాడో ఆ రోజు ఎవరూ అడగలేదు.

బాధితురాలు ఎప్పుడు జరిగిందో చెప్పడానికి అరచేత్తో ముఖమంతా రుద్దుకుని చూపించింది. ‘మొగం కడుక్కుంటా ఉన్నిందంట’ అని వదిన చెప్పింది. కాగితం మీద అదే పడింది: పొద్దున ముఖం కడుక్కుంటున్న సమయంలో. పదకొండు రోజుల తర్వాత, ఒక స్వచ్ఛంద కార్యకర్త చొరవతో, నన్ను పిలిపించారు. ఆ పిల్ల నన్ను చూడగానే చేయి పట్టుకుని మళ్లీ అదే సైగ చేసింది. అరచేయి ముఖం మీద, తర్వాత మెడ మీద, ఆపైన రెండు చేతుల మీద. అది కడుక్కోవడం కాదు, పూసుకోవడం. గంగజాతరలో బైరాగి వేషం వేసేవాళ్లు ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుంటారు కదా, ఆ రోజని ఆమె చెబుతోంది. ఆమెకు నెలలూ తేదీలూ తెలియవు. కానీ ఏ రోజో ఆమెకు అనుమానమే లేదు. జాతర చూడటానికి ఇంటివాళ్లందరూ వెళ్లారు, ఆమెను ఇంట్లో వదిలేశారు, సాయంత్రం అతను వచ్చాడు. ఇదంతా ఆమె చేతుల్లో మొదటి రోజు నుంచీ ఉంది. చదివే మనిషి లేకపోవడం వల్ల పొద్దున అయింది, తేదీ లేకుండా పోయింది, నిందితుడి పేరుకు బదులు ‘ఎవరో గుర్తుతెలియని వ్యక్తి’ అని పడింది.

తర్వాత మేజిస్ట్రేటు గారి ముందు ఆమె చెప్పినదంతా నేను చెప్పాను. ఆవిడ ఎంతో ఓపిగ్గా, తొందరపెట్టకుండా రాసుకున్నారు. అయినా విచారణ మొదలయ్యాక నిందితుడి తరఫు న్యాయవాది పట్టుకున్నది ఆ మొదటి కాగితాన్నే. మొదట పొద్దున అని, తర్వాత సాయంత్రం అని, మొదట గుర్తుతెలియని మనిషని, తర్వాత బంధువని చెప్పిన సాక్షిని ఎలా నమ్మాలని ఆయన అడిగారు. తన వృత్తి ప్రకారం ఆయన అడగాల్సిందే అడిగారు. మొదటి రోజు వీడియో తీసి ఉంటే, ఆమె చేసిన సైగ ఏమిటో న్యాయమూర్తి స్వయంగా చూసేవారు. తీయలేదు. ఈలోగా ఇంట్లో పెద్దమనుషుల పంచాయితీ జరిగింది. సాక్షులైన ఇంటివాళ్లంతా మాట మార్చారు. ఆమె మాత్రం మార్చలేదు. కేసు వీగిపోయింది.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం, ఇందులో పెద్ద దుర్మార్గులు ఎక్కువమంది లేకపోవడం. నిందితుణ్ణీ, అతన్ని కాపాడాలనుకున్న వదిననూ పక్కన పెడితే, మిగతావాళ్లు తమకు తోచిన పని చేశారు. దుబాసీ ఉండాలని చట్టంలో ఉంది. ఆ దుబాసీ ఎవరు, ఎక్కడ ఉంటారు, రాత్రి పదింటికి ఎవరికి ఫోన్ చేయాలి, వచ్చినందుకు ఆమెకు బస్సు ఛార్జీ ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ స్టేషన్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పుడు ఇంటివాళ్లే దుబాసీలవుతారు. వైకల్యం ఉన్న స్త్రీల విషయంలో నేను చూసినంతవరకు నేరం చేసినవాడు చాలాసార్లు ఇంటికి తెలిసినవాడో, ఇంటివాడో అయి ఉంటాడు.

ఇక్కడ సైగల భాష గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అధికారుల్లో కూడా దీని మీద పొరపాటు అభిప్రాయం ఉంది. సైగల భాష వచ్చిన ఒకరిని తెస్తే చాలని అనుకుంటారు. భారతీయ సైగల భాషకు వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది, 2015లో ఢిల్లీలో దానికోసం జాతీయ స్థాయి పరిశోధన, శిక్షణ కేంద్రం కూడా ఏర్పడింది. బడికి వెళ్లి చదువుకున్న బధిరులకు ఆ భాష వస్తుంది. కానీ మన పల్లెల్లో బడి మొహం చూడని బధిర స్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లకు వచ్చేది ఇంటి సైగలు. ఒక ఇంట్లో ‘మామ’ అంటే మీసం తిప్పడం, ఇంకో ఇంట్లో తలపాగా చుట్టడం. నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి, ఆ పిల్లలు పెదవుల కదలికను తమిళంలోనే చదువుతారు. అలాంటి స్త్రీ దగ్గరికి చదువుకున్న దుబాసీ వెళ్లినా మొదటి గంటలో సగమే అర్థమవుతుంది. బొమ్మలు గీయించాలి, ఇంటి వస్తువులు చూపించాలి, ఊరి పండుగలు తెలిసి ఉండాలి, ఒకే ప్రశ్నను మూడు విధాలుగా అడగాలి. బధిరురాలైన మరో స్త్రీ, సైగల భాషా ఇంటి సైగలూ రెండూ తెలిసినావిడ, నా పక్కన కూర్చున్నప్పుడు పని రెండింతలు సులువైంది. నేను ముప్పై ఏళ్లు నేర్చుకున్నదాని కంటే ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నది ఎక్కువ.

నోటితో మాట్లాడగల స్త్రీలకైనా సమస్య తీరలేదు. చూపు లేని స్త్రీని ‘నువ్వు చూడలేదు కదా, అతనే అని ఎలా చెబుతావు?’ అని అడుగుతారు. ఈ ప్రశ్నకు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న జవాబిచ్చింది. కర్నూలు జిల్లాలో దళిత కుటుంబానికి చెందిన, పుట్టుకతో చూపు లేని ఒక యువతిపై 2011లో అత్యాచారం జరిగింది. నిందితుడు ఆ ఇంటికి తరచూ వచ్చిపోయేవాడు. అతని గొంతు ఆమెకు తెలుసు, ఆ గొంతును బట్టే ఆమె గుర్తుపట్టింది. వైకల్యం ఉన్న స్త్రీ ప్రపంచాన్ని వేరే రీతిలో తెలుసుకుంటుంది కాబట్టి ఆమె సాక్ష్యం బలహీనమైనదనో తక్కువదనో అనడానికి వీల్లేదని జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా తేల్చి చెప్పి, యావజ్జీవ శిక్షను ఖరారు చేశారు. అదే తీర్పులో మరికొన్ని సూచనలు కూడా చేశారు. పోలీసులకూ న్యాయమూర్తులకూ ప్రాసిక్యూటర్లకూ శిక్షణ ఇవ్వాలని, ప్రతి పోలీసు స్టేషన్‌లో ప్రత్యేక ఉపాధ్యాయుల, దుబాసీల, ఉచిత న్యాయ సహాయం చేసేవారి వివరాల పట్టిక ఉండాలని, స్త్రీలపై హింస లెక్కల్లో వైకల్యాన్ని వేరుగా చూపే విషయాన్ని జాతీయ నేర గణాంకాల సంస్థ పరిశీలించాలని చెప్పారు. నేను అడిగిన మూడు చోట్ల అలాంటి పట్టిక ఒకటి ఉండాలన్న సంగతి తెలిసినవారు నాకు కనిపించలేదు.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయానికి గురయ్యేది మేధోపరమైన వైకల్యం ఉన్న స్త్రీలని నా అభిప్రాయం. బధిరురాలిని కనీసం జాలిగా చూస్తారు, వీళ్ల మాటను అసలు మాటగానే తీసుకోరు. ‘మతి లేదు, ఏదో చెబుతుంది’ అని ఊరు అంటుంది, ఆ మాటే ఫైలులోకి వస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు అని అడిగితే ఆమె తడబడుతుంది. ‘అవునా?’ అని అడిగితే అవునంటుంది, ‘కాదు కదా?’ అని అడిగితే కాదంటుంది, ఎదుటి పెద్దమనిషిని సంతోషపెట్టడమే చిన్నప్పటి నుంచి ఆమెకు నేర్పిన మర్యాద కాబట్టి. ప్రశ్న చిన్నదిగా, సూటిగా, జవాబు అందులో ఇమిడి లేకుండా ఉంటే ఆమె చక్కగా చెప్పగలదు. ‘అన్నం తిన్నాక జరిగిందా, తినకముందా? టీవీలో ఏమొస్తోంది? నువ్వు ఏ గుడ్డలు కట్టుకున్నావు?’ ఇలా అడిగితే ఆమె గుర్తు చేసుకున్న తీరు చూసి నేనే ఆశ్చర్యపోయిన సందర్భాలున్నాయి. ఇలా అడగటం ఒక విద్య, దాన్ని నేర్పవచ్చు. మన జిల్లా పోలీసు శిక్షణలో దానికి ఒక్క రోజు కేటాయించినా ఎంతో మేలు జరుగుతుంది.

ఇల్లు గురించి రాయకుండా ఈ విషయం పూర్తికాదు. ఆమెకు తిండి పెట్టేవాడు, స్నానానికి సాయం చేసేవాడు, చక్రాల కుర్చీ తోసేవాడు, పింఛను డబ్బులు చేతిలో పెట్టుకునేవాడు, అతనే కొట్టేవాడు కూడా అయితే ఆమె ఎవరికి చెప్పాలి? చెప్పాక ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఇవన్నీ తెలిసే ఆమె మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కవేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పరిస్థితిని గుర్తించింది. తన సంరక్షణలో ఉన్న వైకల్యం ఉన్న మనిషికి కావాలని తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం, ఆమె మీద పెత్తనం ఉన్న స్థితిని వాడుకుని లైంగికంగా దోచుకోవడం, ఆమె వాడే ఊతకర్ర, వినికిడి యంత్రం వంటి ఉపకరణాన్ని పాడుచేయడం లేదా వాడుకోనివ్వకపోవడం, ఇవన్నీ 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష పడే నేరాలు. ఊతకర్రను విరగ్గొట్టడం నేరమని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

అదే చట్టం 7వ సెక్షన్‌లో ఇంకో గొప్ప ఏర్పాటు ఉంది, దాన్ని వాడినవారిని నేను ఇంతవరకు చూడలేదు. వైకల్యం ఉన్న మనిషి మీద హింస జరిగిందని, జరుగుతోందని, జరిగేలా ఉందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా సరే, బాధితురాలే రానక్కరలేదు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు. మన మండలంలో ఆ అధికారం తహసీల్దారుకు ఉంటుంది. ఆమెను అక్కడి నుంచి తప్పించమని, రక్షణలో ఉంచమని, పోషణకు ఏర్పాటు చేయమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. రేషన్ కార్డుకూ భూమి కాగితాలకూ తహసీల్దారు కార్యాలయానికి తిరగని కుటుంబం మన జిల్లాలో లేదు. పక్కింట్లో మంచానికి కట్టేసిన పిల్ల గురించి మాత్రం అక్కడ చెప్పవచ్చని ఎవరికీ తెలియదు. పక్కింటి ముసలావిడ లాంటివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చెప్పాల్సిన చోటు వాళ్లకు తెలియాలి.

అలాంటి ఇళ్ల తలుపు తట్టే మనిషి కూడా ఒకరు ఉన్నారు. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వైకల్య పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. నెల మొదటి రోజుల్లో సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి ఇస్తున్నారు. ఏడాది పొడవునా బంధువు తప్ప బయటి మనిషి మొహం చూడని స్త్రీల దగ్గరికి ప్రభుత్వం తరఫున ప్రతి నెలా తప్పకుండా వెళ్లే వ్యక్తి ఈ ఉద్యోగి ఒక్కరే. ఆ ఐదు నిమిషాల్లో ఆమె చేతికే డబ్బు ఇవ్వడం, ఇంటివాళ్లు కాస్త దూరంగా ఉండగా ‘బాగున్నావా, ఎవరైనా ఏమైనా చేస్తున్నారా?’ అని అడగడం, ఒంటి మీద గాయాలు కనిపిస్తే సచివాలయంలోని మహిళా పోలీసుకు చెప్పడం, దీనికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. ఒక ఆదేశం, కొంచెం శిక్షణ చాలు. అడగడం తెలియని చోట అడిగితే ఆమెకే ముప్పు రావచ్చు కాబట్టి శిక్షణ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకూడదు. పింఛను పోతుందన్న భయం కూడా ఆమె నోరు కట్టేస్తుంది. ఫిర్యాదు చేసి పుట్టింటికో ఆశ్రయానికో వెళ్లిన స్త్రీకి పింఛను ఆ నెలే కొత్త చోటికి మారే ఏర్పాటు జిల్లా కలెక్టరు గారు చేయించగలరు.

ఆసుపత్రి దగ్గర జరిగేది కూడా ఒక్క మాటలో చెబుతాను. పరీక్షకు ఆమె అంగీకారం తీసుకోవాలి. నేను చూసినప్పుడు అంగీకార పత్రం మీద అన్న వేలిముద్ర వేయించారు, ఆమెకు ఏం జరగబోతోందో చెప్పినవాళ్లు లేరు. ఒకసారి ఒళ్లు ముట్టుకోవడానికి అడగని వాళ్ల చేతిలో పడి వచ్చిన పిల్లను రెండోసారి కూడా అడగకుండానే ముట్టుకున్నారు. ఆమె గది మూలకు పోయి కూర్చుంది. నేను బొమ్మ గీసి చూపించి, వద్దంటే ఆపేస్తారని చెప్పాక తానే లేచి వచ్చింది. ప్రభుత్వ సంస్థలో ఉన్న, మేధోపరమైన స్వల్ప వైకల్యం గల ఒక యువతి గర్భం విషయంలో, ఆమె అంగీకారం లేకుండా నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఇంత పెద్ద విషయంలోనే ఆమెను అడగాలంటే, పరీక్ష గదిలో అడగకపోవడానికి కారణమే లేదు.

కోర్టు మెట్లు, ర్యాంపులు లేకపోవడం గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. భయంలో ఉన్న సాక్షులు నిందితుడి ఎదుట పడకుండా సాక్ష్యం చెప్పే ప్రత్యేక కేంద్రాలు ప్రతి జిల్లాలో ఉండాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వైకల్యం ఉన్నవారిని కూడా ఆ సాక్షుల్లో చేర్చింది. సైగలతో చెప్పే సాక్షికి ఇది ఎంత అవసరమో ఊహించండి. మాట్లాడే సాక్షి తల దించుకుని చెప్పవచ్చు. సైగ చేసే స్త్రీ తల ఎత్తాలి, చేతులు గాలిలోకి లేపాలి, తన మీద జరిగినదాన్ని తన ఒంటితోనే గదిలోని అందరి ముందూ, అతని ముందూ చూపించాలి.

నేను అడిగేది ఇది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దుబాసీల, ప్రత్యేక ఉపాధ్యాయుల పట్టిక తయారు చేసి ప్రతి స్టేషన్ గోడ మీద అతికించాలి. ఇది కష్టమైన పనేమీ కాదు, ఎందుకంటే పిల్లల విషయంలో ఇది ఇప్పటికే నియమం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి జిల్లా బాలల సంరక్షణ విభాగం దుబాసీలు, ప్రత్యేక ఉపాధ్యాయులు, నిపుణుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న రిజిస్టరు నిర్వహించాలి, వాళ్లకు ఇచ్చే పారితోషికం కూడా అందులో ఉంది. పదిహేడేళ్ల బధిర బాలికకు ఆ రిజిస్టరు ఉపయోగపడుతుంది. పద్దెనిమిది నిండిన మర్నాడు అదే పిల్లకు, అదే సైగలకు, అదే హింసకు ఆ నియమం వర్తించదు. ఆ రిజిస్టరును పెద్దవాళ్లైన స్త్రీలకు కూడా వాడాలని, పారితోషికాన్ని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఇప్పించాలని రెండు జిల్లాల ఎస్పీలూ, కలెక్టర్లూ, న్యాయసేవాధికార సంస్థల కార్యదర్శులూ కలిసి కూర్చుంటే ఒక్క సమావేశంలో నిర్ణయం అవుతుంది.

మనుషులు దొరకరన్న మాటను నేను ఒప్పుకోను. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ చదువుకున్న ఆడపిల్లలు ఈ రోజు టైలర్లుగా, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పని చేస్తున్నారు. వాళ్లకు సైగల భాషా వచ్చు, పల్లె సైగలూ వచ్చు. వాళ్లలో ఇష్టమున్నవాళ్లకు గోప్యత గురించి, సొంత మాట కలపకుండా చెప్పడం గురించి కొన్ని వారాల శిక్షణ ఇస్తే చాలు. చిత్తూరులో, శ్రీకాళహస్తిలో పదవీ విరమణ చేసిన నాలాంటి ఉపాధ్యాయులు ఉన్నారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక బధిర న్యాయవాది కోసం సైగల భాషా దుబాసీని అనుమతించినప్పుడు మా విద్యార్థులు ఆ వార్తను ఒకరికొకరు ఫోన్లలో పంపుకుని ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. దేశంలోనే పెద్ద కోర్టు ఆ పని చేయగలిగినప్పుడు మండల కేంద్రంలోని స్టేషన్ కూడా చేయగలదు. నా పేరు ఆ పట్టికలో మొదట రాసుకోమని ఈ ఉత్తరం ద్వారానే కోరుతున్నాను. పగలైనా రాత్రైనా వస్తాను.

చివరగా, పత్రికలకు ఒక విన్నపం. మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ బాధితురాలి పేరు రాయకుండా జాగ్రత్త పడుతున్నాయి, దానికి కృతజ్ఞురాలిని. కానీ ‘ఫలానా గ్రామంలో మూగ యువతిపై అత్యాచారం’ అని రాస్తే పేరు రాసినట్టే. ఆ ఊళ్లో మాట రాని యువతి ఒక్కతే ఉంటుంది. బాధితురాలిని గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ ప్రచురించకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వైకల్యం ఉన్న స్త్రీ విషయంలో ఊరు పేరు, వైకల్యం, రెండూ ఒకే వార్తలో రాకుండా చూడండి. ‘మతిస్థిమితం లేని’ అన్న మాటను కూడా మానేయండి. ఆ మాట మీ వార్తలో వచ్చిన మర్నాడే నిందితుడి తరఫువాళ్లు దాన్ని ఊళ్లో వాడుకుంటారు. అలాంటి వార్త పక్కన కాస్త చోటు ఉంటే రెండు నంబర్లు వేయండి. ఆపదలో ఉన్న మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100. స్త్రీలకూ, వైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితమని కూడా ఒక్క వాక్యం రాయండి. ఫోన్‌లో మాట్లాడలేనివాళ్ల తరఫున పక్కింటివాళ్లు చేయవచ్చని కూడా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
తిరుపతి